గ్యాంగు, క్రూ, స్టాఫు: ఏ మాట ఎచ్చట వ్రాయవలెను?

గ్రామ పంచాయతీ తీర్మానములు తెలుగుననే సాగుచున్నను, రైల్వేవారికో, పని కొరకు మనవారు వలసపోయిన ఇతర రాష్ట్రముల అధికారులకో ఉత్తరము వ్రాయవలసివచ్చినపుడు ఆంగ్లము తప్పనిసరి యగుచున్నది. అట్టి ఉత్తరములలో పనివారి సమూహమును తెలుపు మాటలు తరచుగా తారుమారగుచుండును. ఒక మాటకు బదులు వేరొకటి పడినచో కూలి బకాయి కొరకు పెట్టుకొన్న అర్జీ దారి తప్పవచ్చును. కావున సభ్యులు వీని భేదమును గుర్తెరుగుట మేలు.

కేసముద్రమునే తీసికొందము. వరంగల్లు జిల్లా నుండి 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ ఊరు కాజీపేట–విజయవాడ రైలుమార్గముపై నున్నది. వ్యవసాయ మార్కెట్టు కూడ కలదు. ఈ మాటలకు తగిన పనివారందరును ఇచ్చట కానవత్తురు.

గ్యాంగు: పట్టాల వెంట నడచుచు, మేటు అజమాయిషీలో మార్గమును బాగుచేయు జట్టునకు రైల్వేలో చిరకాలముగా గ్యాంగు అని పేరు. ఈ మాటకు మూలార్థము నడక. గ్యాంగుమన్ అను హోదాకు బదులు తరువాత ట్రాక్‌మన్ అనియు, ట్రాక్ మెయింటెయినర్ అనియు పేర్లు వచ్చినవి. ఆంగ్లమున దొంగల గుంపును గూడ గ్యాంగు అందురు. మన ‘ముఠా’ కూడ ఇట్టిదే. హమాలీల ముఠా అనిన కష్టజీవుల జట్టు. ముఠా తగాదా అనిన వేరు సంగతి. కావున హమాలీలను గూర్చి వ్రాయునపుడు గ్యాంగు అనక ‘లోడింగ్ వర్కర్స్’ అనుట క్షేమము.

క్రూ: రైలు, ఓడ, విమానము మొదలగు వాహనములను నడుపుచు వాని వెంట నుండువారు క్రూ. రైలుబండిలో లోకో పైలటు, ఆయన సహాయకుడు ఇట్టివారు. గార్డు అను ఉద్యోగికి 2022లో ట్రెయిన్ మేనేజరు అని పేరు మార్చిరి. బోరుబండి వెంట వచ్చు పనివారిని క్రూ అనినను చెల్లును. పొలములో నాట్లు వేయువారికి ఆ మాట పొసగదు.

టీము: పూర్వము ఆంగ్లమున ఒకే కాడికి కట్టిన పశువులను టీము అనెడివారు. వేర్వేరు నేర్పులు గలవారు ఒకే కార్యమునకు పూనుకొన్నపుడు ఈ మాట తగును. వైద్య శిబిరమునకు వచ్చు డాక్టరు, నర్సు, మందులిచ్చు ఉద్యోగి కలిసి ఒక టీము.

స్టాఫు: ఒక కార్యాలయమునకో, సంస్థకో చెందిన సిబ్బంది. పంచాయతీ కార్యదర్శి స్టాఫులోనివాడు. ఒక వారము చెరువు పూడిక తీసిన కూలివాడు కాడు.

యూనియను: పనిచేయు జట్టు కాదు, పనివారు తమ హక్కుల కొరకు కట్టుకొన్న సంఘము. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము ప్రకారము ఏడుగురు సభ్యులు చేరి రిజిస్ట్రేషనుకు అర్జీ పెట్టుకొనవచ్చునని యుండెను. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున పారిశ్రామిక సంబంధాల కోడు అమలులోనికి వచ్చినది. బస్తాలు మోయునపుడు ముఠాగా నున్నవారే, కూలిరేటు మాట్లాడునపుడు యూనియనుగా నుండవచ్చును. అయితే సంఘమను పేరు గల ప్రతిదియు యూనియను కాదు. ఉమ్మడి రాష్ట్రములో ఉపాధి హామీ పనులకై ఏర్పరచిన శ్రమశక్తి సంఘములు పనిచేయు జట్టులే.

ఈ భేదము వలన కలుగు లాభనష్టములను చూడుడు. మన గ్రామస్థులు కొందరు ఇతర రాష్ట్రమున కట్టడపు పనికి పోయి కూలి రాక చిక్కుకొనిరనుకొందము. ‘కంపెనీ స్టాఫు’ అని మనము వ్రాసినచో, ‘మా స్టాఫు పట్టీలో వీరి పేర్లు లేవు’ అని ఆ కంపెనీ సులభముగా తప్పించుకొనును. ‘గ్యాంగు’ అని వ్రాసినచో చదువువారికి లేనిపోని అనుమానము కలుగును. ‘కాంట్రాక్టరు క్రింద పనిచేయు వర్కర్స్’ అని వ్రాసినచో ఉన్న సంగతి ఉన్నట్లు తెలియును.

అయినను సమూహమును తెలుపు మాట ఒక్కటే చాలదు. పనివారి పేర్లు, సంఖ్య, పనిలోనికి తీసికొనిపోయిన మేస్త్రీ లేక కాంట్రాక్టరు పేరు, పనిచేసిన తేదీలు, ఒప్పుకొన్న కూలి, రావలసిన బాకీ విడివిడిగా వ్రాయవలెను. సందేహము కలిగినచోట ‘వర్కర్స్’ అను సామాన్యమైన మాటనే వాడుడు. అది ఎవరిని కించపరచదు, ఎవరి హక్కును తగ్గింపదు.