ఖాతా నంబరుకు ముసుగు - వర్తకుడికి ఎంతవరకు రక్ష?

సిద్దిపేట: మక్కలు, పత్తి, వడ్ల కొనుగోళ్ళలో సొమ్ము ఇప్పుడు సంచిలో కంటే ఫోనులోనే ఎక్కువగా నడుస్తున్నది. 2016 నోట్ల రద్దు తరువాత ఈ జిల్లాలోని ఇబ్రహీంపూర్ నగదురహిత గ్రామంగా పేరు పొందిన సంగతి వర్తకులకు తెలిసిందే. నగదు మోసే భయం తగ్గినా, ఖాతా నంబరు పరుల చేత పడుతుందన్న శంక మిగిలింది. దానికి విరుగుడుగా వచ్చినవే మారు నంబర్లు. వీటిలో మూడు రకాలు వర్తకులకు పనికి వస్తాయి.

మొదటిది యూపీఐ చిరునామా. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో ప్రారంభించిన ఈ పద్ధతిలో ఖాతా నంబరు చెప్పనక్కరలేదు. అయితే చాలామంది చిరునామాలో ఫోన్ నంబరే ఉంటున్నది. వేరే పేరు పెట్టుకుంటే అదీ బయటపడదు.

రెండవది కార్డు టోకెను. చెక్కు ఇచ్చి ఇత్తడి బిళ్ళ పుచ్చుకొని కౌంటరు ముందు నిలుచున్న పాత ఖాతాదారులకు దీని మర్మం సులభంగా బోధపడుతుంది. ఆ బిళ్ళ ఆ బ్యాంకులోనే చెల్లేది. ఈ టోకెనూ అంతే. ఏ సంస్థ కొరకు పుట్టిందో అక్కడే చెల్లుతుంది. ఆన్‌లైన్ వ్యాపార సంస్థలు అసలు కార్డు నంబరు నిల్వ చేయరాదన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2022 అక్టోబర్ 1న అమలులోకి వచ్చింది.

మూడవది అడ్తిదారులకు, మిల్లర్లకు ముఖ్యం. అదే వర్చువల్ ఖాతా నంబరు. బ్యాంకు ఒక్కొక్క కొనుగోలుదారుకు ఒక్కొక్క నంబరు కేటాయిస్తుంది. ఏ నంబరుకు పంపినా సొమ్ము అసలు ఖాతాలోనే జమ అవుతుంది. ఎవరి బాకీ తీరిందో చిట్టా తిరగేయకుండానే తేలుతుంది. ఈ నంబరు జమకు మాత్రమే. తెలిసినంత మాత్రాన ఎవరూ సొమ్ము తీయలేరు.

ఇంతవరకు లాభమే. కాని తొందరపాటుకు ఏ ముసుగూ అడ్డురాదు. డబ్బు వస్తుందని నమ్మించి పిన్ కొట్టించేవారు, దుకాణం క్యూఆర్‌పై తమ స్టిక్కరు అంటించేవారు, చెల్లించినట్లు ఫోనులో బొమ్మ చూపి సరుకు ఎత్తుకుపోయేవారు ఎవరి ఖాతా నంబరూ అడగరు. సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు. ఖాతాలో జమ కనిపించనిదే లారీ కదలనీయరాదు.

పంపేవారికీ జాగ్రత్త అవసరమే. "మా ఖాతా మారింది, ఈ కొత్త నంబరుకు పంపండి" అని సందేశం వస్తే, పాత ఫోన్ నంబరుకే మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఆర్టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపులకు ముందు గ్రహీత పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఆ పేరు చదవనిదే మీట నొక్కరాదు.

నష్టం ఎవరిదన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలలో, తన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా సొమ్ము పోయిన ఖాతాదారు మూడు పనిదినాలలో తెలిపితే భారం అతనిపై పడదని ఉన్నది. పిన్ తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేవరకు పోయినదంతా అతని నష్టమే. అందుచేత మోసం పసిగట్టిన మరుక్షణం బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయాలి.