యుద్ధ నేపథ్య తెలుగు చలనచిత్రాల్లో వాద్యబృంద సంగీతం: ధ్రువాగాన సిద్ధాంత దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమా సంగీతంపై జరిగిన పరిశోధన చాలావరకు పాట చుట్టూ, ప్రత్యేకించి పాటలోని సాహిత్యం చుట్టూ తిరిగింది. మాటల వెనుక, మౌనం వెనుక వినిపించే నేపథ్య సంగీతం విమర్శకుల దృష్టికి తక్కువగా వచ్చింది. యుద్ధం ఇతివృత్తంగానో నేపథ్యంగానో ఉన్న చిత్రాల్లో ఈ లోటు మరింత స్పష్టంగా కనబడుతుంది. యుద్ధాన్ని ప్రేక్షకుడు ఉత్సాహంతో చూడాలా, శోకంతో చూడాలా అన్నది అక్కడ ఎక్కువగా వాద్యబృందమే నిర్ణయిస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ధ్రువాగాన విభాగాన్ని పరికరంగా తీసుకుని 'కంచె' (2015), 'ఘాజీ' (2017), 'సీతారామం' (2022) చిత్రాల్లో నేపథ్య సంగీతం నిర్వహించే పనిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేపథ్య సంగీతం, రీరికార్డింగ్, ధ్రువ, ఆక్షేపికి, వీరరసం, కరుణరసం, కంచె, ఘాజీ, సీతారామం.

1. ప్రవేశిక

తెలుగు చిత్రపరిశ్రమలో నేపథ్య సంగీతాన్ని చాలాకాలంగా 'రీరికార్డింగ్' అని వ్యవహరిస్తున్నారు. చిత్రీకరణ, కూర్పు ముగిశాక, దృశ్యం నిడివిని బట్టి సంగీతాన్ని సమకూర్చి ముద్రించే ప్రక్రియకు ఆ పేరు వచ్చింది. మద్రాసు స్టూడియోల కాలంలో వాద్యకారులందరూ ఒకే గదిలో కూర్చుని, తెరమీద నడిచే దృశ్యాన్ని అనుసరించి ఒకేసారి వాయించేవారు. వయొలిన్, చెల్లో, క్లారినెట్, ట్రంపెట్ వంటి పాశ్చాత్య వాద్యాలూ వీణ, వేణువు, మృదంగం వంటి దేశీయ వాద్యాలూ ఆ గదిలో పక్కపక్కనే ఉండేవి. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు మొదలైన సంగీత దర్శకులు ఆ వాతావరణంలో పనిచేశారు. రాజేశ్వరరావు సంగీతం అందించిన 'బొబ్బిలి యుద్ధం' (1964) పేరులోనే యుద్ధం ఉన్నప్పటికీ, ఆ చిత్ర సంగీతం గురించి మాట్లాడేవారు నేటికీ పాటలనే ప్రస్తావిస్తారు. యుద్ధఘట్టాల వెనుక వినిపించిన సంగీతం మీద చర్చ అరుదు.

ఈ నిర్లక్ష్యానికి ఒక కారణం ఆధారసామగ్రి స్వభావంలోనే ఉంది. పాట అచ్చులో దొరుకుతుంది, దాన్ని సాహిత్యంగా చదువుకోవచ్చు. నేపథ్య సంగీతపు స్వరలిపిని పాటల పుస్తకంలా అచ్చువేసే ఆచారం మనకు లేదు. కాబట్టి పరిశోధకుడు ఇక్కడ చెవినే ఆధారం చేసుకోవాలి. రెండో కారణం పరిభాష. రాగం, తాళం, పల్లవి వంటి మాటలు పాటకు సరిపోయినట్లు నేపథ్య సంగీతానికి సరిపోవు. ఈ పరిభాష కోసం పాశ్చాత్య చలనచిత్ర సిద్ధాంతాల దాకా వెళ్ళకముందే పరిశీలించవలసిన సామగ్రి మన నాట్యశాస్త్ర సంప్రదాయంలో ఉంది.

2. ధ్రువాగానం: నేపథ్య సంగీతానికి ఒక దేశీయ పరికరం

నాట్యంలో సందర్భాన్ని అనుసరించి పాడే గీతాలను భరతుడు 'ధ్రువలు' అన్నాడు. ప్రయోగాన్ని బట్టి అవి అయిదు విధాలు. పాత్ర రంగప్రవేశానికి ప్రావేశికి. పాత్ర నిష్క్రమణకు నైష్క్రామికి. నడుస్తున్న రసాన్ని భంగపరిచి వేరొక రసాన్ని తెచ్చేది ఆక్షేపికి. అలా కలతపడిన సామాజికుని మనసును ప్రసన్నం చేసేది ప్రాసాదికి. పాత్ర విషాదంలోనో మూర్ఛలోనో ఉన్నప్పుడు, ప్రయోగంలో ఏర్పడిన ఖాళీని కప్పవలసి వచ్చినప్పుడు పాడేది ఆంతర.

ఈ విభజన గీతం రాగాన్ని బట్టి గాక, అది చేసే పనిని బట్టి జరిగింది. నేపథ్య సంగీత పరిశీలనకు కావలసింది సరిగ్గా ఇదే. ధ్రువ అక్షరబద్ధమైన గీతం, సినిమా నేపథ్య సంగీతం ప్రధానంగా వాద్యప్రధానం అన్న భేదాన్ని మరువకూడదు. ఇక్కడ పోలిక రూపానికి సంబంధించింది కాదు, ప్రయోజనానికి సంబంధించింది.

యుద్ధం విషయంలో నాట్యశాస్త్రం మరొక నియమం కూడా చెప్పింది. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపకుండా ప్రవేశకాదుల ద్వారా సూచించాలని దాని సారాంశం. తెలుగు ప్రదర్శన సంప్రదాయంలోనూ యుద్ధం కంటికంటె చెవికే ఎక్కువగా అందింది. బొబ్బిలి కథను, పల్నాటి వీరుల కథను జనం గాయకుల గొంతులో విన్నారు. బుర్రకథలో తంబుర, గుమ్మెట, అందెల మోత, వంతల తాళం కలిసి కత్తి దూసిన వేగాన్ని వినిపిస్తాయి. బందరులో ఉపాధ్యాయుడిగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి రచించిన పాండవ నాటకాల్లో కృష్ణాతీర ప్రేక్షకులు తలకెత్తుకున్నది రాయబార ఘట్టం. అంటే యుద్ధానికి ముందరి మాట.

సినిమా ఈ స్థితిని తలకిందులు చేసింది. యుద్ధాన్ని కంటికి చూపింది. కంటికి కనబడుతున్నదాన్ని సంగీతం మళ్ళీ వర్ణించనక్కరలేదు. మరి అది చేయవలసిన పని ఏమిటన్నదే ఈ చిత్రాలను పరిశీలించేటప్పుడు అడగవలసిన ప్రశ్న.

3. ఇత్తడి వాద్యాలు, స్థానిక శ్రవణానుభవం

ప్రపంచ సినిమాలో ఈ ప్రశ్నకు రెండు ప్రధాన సమాధానాలు కనబడతాయి. ఐసెన్‌స్టీన్ 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' (1938)కి ప్రొకోఫీవ్ కూర్చిన సంగీతం యుద్ధాన్ని సామూహిక వీరగాథగా నిలబెడుతుంది. స్పీల్‌బర్గ్ 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' (1998)లో ఒమాహా తీరంపై దాడి జరుగుతున్నంతసేపూ జాన్ విలియమ్స్ సంగీతం వినిపించదు. తుపాకుల మోత, నీటి చప్పుడు మాత్రమే ఉంటాయి. మొదటిది ఉత్సాహాన్ని స్థాయిభావంగా పెంచుతుంది. రెండోది ఆ ఉత్సాహానికి ఆస్కారమే ఇవ్వదు.

తెలుగు ప్రేక్షకుని విషయంలో మరో చిక్కు ఉంది. ట్రంపెట్, క్లారినెట్, బేస్ డ్రమ్ము సైనిక బ్యాండ్ల ద్వారా ఈ దేశానికి వచ్చి బ్యాండుమేళంగా స్థిరపడ్డాయి. విజయవాడ పటమట వీధుల్లో ఇత్తడి వాద్యం వినబడితే చెవి మొదట ఊహించేది పెళ్ళి ఊరేగింపును, లేదా ఉత్సవాన్ని. ఒకే వాద్యధ్వని ఒక సమాజానికి కవాతును, మరొక సమాజానికి కల్యాణాన్ని స్ఫురింపజేస్తుంది. కాబట్టి ఇత్తడి వాద్యాల విజృంభణ తెలుగు థియేటరులో యుద్ధభయంకంటె సంబరానికే సులభంగా దారితీయగలదు. యుద్ధచిత్రానికి సంగీతం కూర్చేవారు ఈ సంస్కారాన్ని వాడుకోవాలి, లేదా దాన్ని అదుపులో ఉంచాలి.

4. కంచె: ఆక్షేపికి

జాగర్లమూడి రాధాకృష్ణ (క్రిష్) దర్శకత్వంలో వచ్చిన 'కంచె'కు చిరంతన్ భట్ సంగీతం సమకూర్చారు. పాటలన్నీ సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ఈ సినిమాలో కథ రెండు కాలాల్లో నడుస్తుంది. ఒకటి ఊళ్ళో హరిబాబు, సీతల ప్రేమ, దాన్ని అడ్డుకునే కులకంచె. రెండోది రెండో ప్రపంచయుద్ధంలో ఐరోపా రణభూమి. సీత అన్న ఈశ్వర్, హరిబాబు ఒకే సైన్యంలో ఉంటారు.

చిత్రం యుద్ధం నుంచి ఊరికి, ఊరి నుంచి యుద్ధానికి పదేపదే మారుతుంది. శృంగారం నడుస్తున్న చోట భయానకం ప్రవేశిస్తుంది, వీరం నడుస్తున్న చోట కరుణ ప్రవేశిస్తుంది. ఈ సంధుల్లో వాద్యబృందం చేసేది ఆక్షేపికి పని. రణభూమికి ఒక సంగీతలోకం, పల్లెకు మరొక లోకం అని గోడకట్టినట్లు విడదీసి ఉంటే, యుద్ధం దూరదేశపు విషయంగా మిగిలిపోయేది. అలా కాకుండా తీగవాద్యాల విస్తృత ధ్వని రెండు చోట్లా ప్రవేశించడం వల్ల, ఊళ్ళోని కులవైరానికీ జాతి పేరిట సాగే సంహారానికీ ఉన్న సామ్యం మాటలకంటె ముందే చెవికి తెలుస్తుంది. శీర్షికలోని 'కంచె' రెండు చోట్లా ఉన్నదన్న వాదాన్ని సంగీతం ఆవిధంగా మోస్తుంది. హరిబాబు ప్రాణత్యాగానికి వచ్చేసరికి విజయోత్సాహం అంగం, శోకం అంగి.

5. ఘాజీ: శబ్దమే ఇతివృత్తం

సంకల్ప్ రెడ్డి దర్శకత్వం వహించిన 'ఘాజీ'కి కె (కృష్ణకుమార్) సంగీతం అందించారు. 1971 డిసెంబరు తొలిరోజుల్లో విశాఖ తీరానికి చేరువలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన ఘటన దీనికి ఆధారం. కథనం మాత్రం కల్పనతో కూడినది. దీనికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది.

జలాంతర్గామిలో ఉన్నవారికి శత్రువు కనబడడు, వినబడతాడు. సోనార్ ధ్వని, నీటి ఒత్తిడికి మూలిగే లోహం, ఊపిరి బిగబట్టిన మౌనం ఇవే ఇక్కడి కథావస్తువు. ఇటువంటి చిత్రంలో సంగీతం ఎడతెగకుండా మోగితే పాత్రలు వినవలసినదాన్ని ప్రేక్షకుడు వినలేడు. కాబట్టి సంగీతదర్శకుడు ఎక్కడ ఆపాడన్నది ఎక్కడ వాయించాడన్నంత ముఖ్యం. సంగీతం ఇక్కడ ప్రధానంగా ఆంతర స్థానంలో పనిచేస్తుంది. పాత్రలు ఏమీ చేయలేక నిరీక్షించే వ్యవధిని అది నింపుతుంది.

యుగళగీతాలు లేని ఈ చిత్రంలో గానం వచ్చే ఘట్టం మరొక కారణంగా గమనార్హం. నావికులు దేశభక్తి గీతం ఆలపించినప్పుడు అది నేపథ్యం నుంచి రాదు, పాత్రల కంఠాల నుంచి వస్తుంది, శత్రువుకు వినబడుతుంది, కథను ముందుకు నడుపుతుంది. 'కాసాబ్లాంకా' (1942)లో జర్మన్ సైనికుల పాటను ఫ్రెంచి జాతీయగీతం ముంచెత్తే ఘట్టం ఈ కోవలోనిదే. కథలో భాగమైన గానం, కథకు వెలుపలి వాద్యబృందం అన్న భేదాన్ని విద్యార్థులకు బోధించడానికి ఈ రెండు ఘట్టాలూ చక్కని ఉదాహరణలు.

6. సీతారామం: ప్రాసాదికి

హను రాఘవపూడి దర్శకత్వంలో విశాల్ చంద్రశేఖర్ సంగీతంతో వచ్చిన 'సీతారామం'లో యుద్ధఘట్టాలు తక్కువ, యుద్ధపు నీడ ఎక్కువ. 1960లలో కాశ్మీరంలో పనిచేసే అనాథ సైనికుడు రామ్‌కు రేడియో ద్వారా ఉత్తరాల బంధువులు ఏర్పడతారు. అతడు సీతకు రాసిన ఉత్తరం ఆమెకు చేరవేసే ప్రయత్నం 1985లో మొదలవుతుంది.

ఇక్కడ వాద్యబృందం ప్రధానంగా స్మృతికి వాహకం. ఉత్తరంలోని మాట గతానిది, చదివే గొంతు వర్తమానానిది. రెంటి మధ్య ఉన్న ఇరవై ఏళ్ళను ఒక స్వరబంధం పునరావృత్తి కలుపుతుంది. విన్న స్వరబంధం మళ్ళీ వినబడినప్పుడు ప్రేక్షకుడు తన జ్ఞాపకాన్నే గుర్తుపడతాడు, పాత్ర జ్ఞాపకం అతనిదవుతుంది. హింస వల్ల కలతపడిన మనసును ప్రేమ వైపు మళ్ళించే ఈ పని ప్రాసాదికిది. అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. ప్రసన్నత మరీ ఎక్కువైతే యుద్ధం ప్రేమకథకు అందమైన తెరగా మారుతుంది. విమర్శకుడు ఈ చిత్రాన్ని పరిశీలించేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

ఒకటి, యుద్ధచిత్రంలో వాద్యబృంద సంగీతం అలంకారం కాదు. చూపిన హింసపై చిత్రం ఇచ్చే తీర్పులో అది భాగస్వామి.

రెండు, ధ్రువావిభాగం నేపథ్య సంగీతాన్ని ప్రయోజనాన్ని బట్టి వర్గీకరించడానికి ఉపకరిస్తుంది. 'కంచె'లో ఆక్షేపికి, 'ఘాజీ'లో ఆంతర, 'సీతారామం'లో ప్రాసాదికి ప్రధానమయ్యాయి. ఒకే చిత్రంలో అయిదూ ఉండవచ్చు. ఏది ప్రధానమన్నదాన్ని బట్టి ఆ చిత్ర దృక్పథం తెలుస్తుంది.

మూడు, వాద్యధ్వనికి అర్థం స్థానిక శ్రవణానుభవం నుంచి కూడా వస్తుంది. పాశ్చాత్య సిద్ధాంతాన్ని యథాతథంగా అన్వయిస్తే ఈ అంశం మరుగునపడుతుంది.

తరగతిగదిలో ఒకే ఘట్టాన్ని మొదట శబ్దం తీసివేసి, తర్వాత శబ్దంతో చూపి, విద్యార్థులచేత రెండుసార్లూ స్థాయిభావాన్ని గుర్తింపజేయడం రససిద్ధాంత బోధనకు ఉపయోగపడే పద్ధతి. రెండు సమాధానాల మధ్య తేడా ఎంత ఉంటే, ఆ ఘట్టంలో సంగీతం అంత పని చేసిందన్నమాట. చిత్రాల పాటలపై సిద్ధాంత వ్యాసాలు వెలువడుతున్న విశ్వవిద్యాలయాల్లో, ఇకమీదట చిత్రం మొత్తాన్ని వినే పరిశోధనకూ చోటు కల్పించవలసి ఉంది. యుద్ధాన్ని ఒక తరం ఎలా గుర్తుంచుకుంటుందో నిర్ణయించేవాటిలో, ఆ యుద్ధం తెరమీద ఏ స్వరంతో వినబడిందన్నది కూడా ఒకటి.