ఫిడేలునకు ప్రధానపీఠము

మన నరసాపురపు పందిళ్ళలో ఫిడేలు విద్వాంసుడు గాయకుని ప్రక్కన ఒదిగి కూర్చుండుటయే చూచుచు వచ్చితిమి. ఆ వాద్యమునకు ప్రధానపీఠ మొసగినవారిలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అగ్రగణ్యులు. వారు 1893లో బెంగుళూరున జనించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారు వేంకటకృష్ణయ్యగారే గురువులు. 1919లో విజయనగర సంగీత కళాశాలయందు ఆచార్యులై, 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి యనంతరము అధ్యక్షులైరి.

ఐరోపాయందు 1840 ప్రాంతమున ఫ్రాంజ్ లిస్టు అను పియానో విద్వాంసుడు పాటగాండ్ర తోడు లేక తానొక్కడే సభలను రంజింపజేసెను. ఫిడేలుతో నాయుడుగారు మనకు చేసి చూపినదియు నదియే. సాహిత్యము వినబడని సంగీత మేల యని కొందరు పెద్దలు నన్నడుగుదురు. నా సమాధాన మిది: ఆ కమాను నిదానముగా సాగుచుండ, త్యాగరాజస్వామి కీర్తన నెరిగినవానికి అక్షరములే వినబడును, ఎరుగనివానికి రాగమైనను దక్కును. నాయుడుగారు 1964లో దివంగతులైరి. గ్రామఫోను పలకల కెక్కిన వారి నాదము నేటికిని వినవచ్చును.