కరిగిన బంగారం తిరిగొచ్చే దారి

1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం కోపెన్‌హాగెన్‌లోకి వచ్చేనాటికి నీల్స్ బోర్ పరిశోధనశాలలో రెండు నోబెల్ పతకాలు దాచి ఉన్నాయి. ఒకటి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ లావేది, మరొకటి జేమ్స్ ఫ్రాంక్‌ది. దేశం నుంచి బంగారం బయటికి పంపడం నాజీ జర్మనీలో ఘోరమైన నేరం. పతకాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి, లావే ఇంకా జర్మనీలోనే ఉన్నాడు. జార్జ్ డి హెవెశీ అనే రసాయన శాస్త్రవేత్త ఆ రెండింటినీ ఆక్వా రీజియా అనే ఆమ్ల మిశ్రమంలో కరిగించేశాడు. యుద్ధం ముగిసేదాకా ఆ ద్రావణం ప్రయోగశాల అరలోనే ఉండిపోయింది. తర్వాత అందులోంచి బంగారాన్ని తీసి స్టాక్‌హోమ్‌కు పంపితే పతకాలు మళ్ళీ తయారయ్యాయి.

పాత కంప్యూటర్ల నుంచి బంగారం తీయడానికి మూలసూత్రం ఇదే. ఆక్వా రీజియాలో నత్రికామ్లం ఒక పాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్ళు. విడివిడిగా రెండూ బంగారాన్ని ఏమీ చేయలేవు. కలిస్తే, నత్రికామ్లం బంగారు పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లు లాగేస్తుంది, క్లోరైడ్ అయాన్లు దాన్ని చుట్టుముట్టి మళ్ళీ లోహంగా మారనివ్వవు.

అసలు చిక్కు పక్కనున్న లోహాలతోనే వస్తుంది. కంప్యూటర్ మెమరీ బోర్డు అంచున వరుసగా పసుపు రంగు పళ్ళు కనిపిస్తాయి. ఆ పసుపు దాదాపు మైక్రాన్ మందం కూడా ఉండని బంగారు పూత. దాని కింద నికెల్, ఆ కింద రాగి. బోర్డును అలాగే ఆమ్లంలో వేస్తే ఆమ్లమంతా రాగికే ఖర్చయిపోతుంది. పైగా కరిగిన బంగారం, ఇంకా మిగిలి ఉన్న రాగి మీదికే తిరిగి చేరుతుంది. అందుకే ముందు రాగిని వదిలించుకోవాలి. చివర్లో నత్రికామ్లం మిగిలి ఉన్నా పని చెడుతుంది, విడిపడిన బంగారం మళ్ళీ కరిగిపోతుంది. అన్నీ కుదిరాక, బంగారం కరిగిన ద్రావణంలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే అది అడుగున గోధుమరంగు బురదలా పేరుకుంటుంది. మెరుపేమీ ఉండదు. కడిగి, ఆరబెట్టి, కరగబోస్తేనే పసుపు బయటపడుతుంది.

టన్ను గని రాయిలో కొన్ని గ్రాముల బంగారం ఉంటే మంచి గని అంటారు. టన్ను ఫోన్ సర్క్యూట్ బోర్డుల్లో వందల గ్రాములు ఉండవచ్చు. ఆ ఆశతోనే ఢిల్లీ సీలంపూర్‌లో, చైనాలోని గుయీయూలో జనం చేతులకు సరైన తొడుగులు కూడా లేకుండా ఆమ్లాలతో ఈ పని చేశారు. నత్రికామ్లం నుంచి వచ్చే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, వాడేసిన ఆమ్లం కాలువలో కలుస్తుంది. బంగారం ధర లెక్కగట్టేవాళ్ళు ఆ ఊపిరితిత్తుల ఖరీదు కూడా కలపాలని నా గట్టి నమ్మకం.

ఆక్వా రీజియా కాకుండా మరో పాత దారీ ఉంది. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంట్ తీసుకున్న సైనైడ్ పద్ధతి గనుల తీరునే మార్చేసింది. కోలార్ బంగారు గనుల దగ్గర అది మిగిల్చిన గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. బోర్డుల మీది పూతనూ సైనైడ్ కరిగిస్తుంది, కానీ అది ప్రాణాంతక విషం.

కొత్త దారుల్లో నాకు బాగా నచ్చింది జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మెజ్జెంగా బృందం చేసిన పని. చీజ్ తయారీలో మిగిలే విరుగుడు నీళ్ళ ప్రొటీన్‌ను వాళ్ళు సన్నటి పోగులుగా మార్చి, ఎండబెట్టి స్పాంజి చేశారు. 20 పాత మదర్‌బోర్డుల లోహాలను ఆమ్లంలో కరిగించి, ఆ స్పాంజిని అందులో ముంచారు. మిగతా లోహాలకంటే బంగారు అయాన్లే దాన్ని ఎక్కువగా పట్టుకున్నాయి. స్పాంజిని వేడిచేసి, వచ్చిన రేకుల్ని కరిగిస్తే 450 మిల్లీగ్రాముల ముద్ద తేలింది, 22 క్యారెట్లది. ఇక్కడ కూడా మొదటి మెట్టు ఆమ్లమే.

మన హైదరాబాద్‌లో సీ-మెట్ పరిశోధన సంస్థ కూడా సర్క్యూట్ బోర్డుల రీసైక్లింగ్ మీద పనిచేస్తోంది. వేల్స్‌లో బ్రిటిష్ రాయల్ మింట్ 2024లో ఇందుకోసం కర్మాగారమే తెరిచింది. అక్కడ బోర్డును వేడిచేసి భాగాలు రాల్చి, బంగారం ఉన్నవాటిని మాత్రమే ఏరి ద్రావకంలో వేస్తారు. మామూలు గది వేడిమిలోనే దాదాపు నాలుగు నిమిషాల్లో బంగారం కరిగిపోతుంది.