వెన్ను వంకరకు తేలికైన కట్టు

ఎదిగే ఆడపిల్లకు జడ వేసేటప్పుడు ఒక భుజం ఎత్తుగా, ఒకవైపు నడుము లోతుగా కనిపిస్తే చాలామంది తల్లులు "సరిగా కూర్చోవే" అని మందలించి ఊరుకుంటారు. అది కూర్చునే తీరు వలన వచ్చినది కాకపోవచ్చు. పాదాలు జతచేసి, మోకాళ్ళు వంచకుండా పిల్లను ముందుకు వంగమని చెప్పి వెనుక నుండి చూడండి. వీపున ఒక ప్రక్క ఉబ్బెత్తుగా లేచినట్లయితే ఎముకల వైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించాలి.

వంపు 10 డిగ్రీలు ఉంటేనే దీనిని పార్శ్వవక్రతగా పరిగణిస్తారు. ఇంకా ఎదుగుదల మిగిలి ఉన్న పిల్లలలో 25 నుండి 40 డిగ్రీల వంపునకు సాధారణంగా కట్టు వేస్తారు. 50 డిగ్రీలకు చేరితే శస్త్రచికిత్స ఆలోచించవలసి వస్తుంది. తైలమర్దనం కండరాల నొప్పికి ఉపశమనమిస్తుందే గాని ఎముకల వంపును సరిచేయదు. మర్దనతో సంవత్సరం గడిపితే, కట్టు పనిచేసే వయస్సు కాస్తా దాటిపోతుంది.

కట్టు మనకు క్రొత్త కాదు. విరిగిన ఎముకలకు ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది పట్టలనూ, వెదురు బద్దలనూ సుశ్రుతుడు చెప్పాడు. వదులుగా కడితే సంధి నిలువదనీ, మరీ బిగిస్తే వాపు, నొప్పి కలుగుతాయనీ హెచ్చరించాడు. ఆయన చెప్పినది భగ్నచికిత్స; అయినా ఆ హెచ్చరిక నేటి ప్లాస్టిక్ కట్టుకూ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక బరువు సంగతి. అబ్దుల్ కలాం హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో ఉన్న రోజుల్లో, నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అక్కడి తేలిక పదార్థాన్ని చేతిలోకి తీసుకొని చూసి, కలాంను తన రోగుల వద్దకు తీసుకువెళ్ళారు. పిల్లలు 3 కిలోలకు పైబడిన లోహపు కాలిపట్టీలను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. 3 వారాలలో 300 గ్రాముల పట్టీలు తయారయ్యాయి. అవి కాళ్ళకు సంబంధించినవే. కానీ తేలికగా లేని సాధనాన్ని పిల్లలు ధరించరన్న సత్యం వెన్నుకూ అంతే. 1940లలో అమెరికాలో వచ్చిన మిల్వాకీ కట్టుకు గడ్డం క్రిందివరకు లోహపు కమ్ములుండేవి. తరువాత చంకల క్రిందికే పరిమితమైన ప్లాస్టిక్ కట్టు వచ్చింది.

తయారీలో పదార్థం కంటె చేతిపనే ఎక్కువ. ఒంటికి ప్లాస్టర్ అచ్చు తీసి, దానిపై వేడిచేసిన పాలీప్రొపిలీన్ రేకును పరచి, చల్లారిన పిదప కోసి, లోపల మెత్తలు అంటిస్తారు. వంపు శిఖరం వద్ద ఒక వైపు, దానికి పైన, క్రింద రెండవ వైపు ఒత్తిడి పడాలి. ఎదుట ఖాళీ లేకపోతే వెన్ను జరగడానికి చోటుండదు. దుకాణంలో దొరికే నడుము బెల్టు ఈ పని చేయదు.

దొంతన్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతాల కుటుంబానికి అసలు ఖర్చు నగరానికి పదేపదే తిరగడంలో ఉంది. పిల్ల ఎదిగేకొద్దీ కట్టును సవరించాలి, కొన్నాళ్ళకు మార్చాలి. కనుక పట్టీలు, మెత్తలు దగ్గరలోనే మార్చుకొనే వీలుండాలి. మన ఎండలకు గాలి రంధ్రాలు కావాలి. నేలపై బాసింపట్టు వేసి కూర్చునేందుకు తొడల వద్ద అంచు తగ్గించాలి. వీటిని ముందే అడగండి, మొగమాటం వద్దు.

2013లో వెలువడిన అమెరికా, కెనడా పరిశోధనలో కట్టు ధరించినవారిలో 72 శాతం మందికి, ధరించనివారిలో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల ముగిసింది. రోజుకు సగటున 13 గంటలు ధరించినవారిలో ఫలితం 90 శాతం దాటింది.

కట్టు లోపల అతుకులు లేని నూలు బనియను వేయండి. కట్టు క్రింద నూనె, పౌడరు రాయవద్దు. చర్మం మెత్తబడి పుండు పడుతుంది. ఎరుపు అరగంటలో తగ్గకపోతే వైద్యునికి చూపించండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి, కాళ్ళలో బలహీనత ఉంటే క్షయ వంటి వ్యాధులను ముందుగా పరీక్షించాలి. అప్పుడు కట్టు ఒక్కటే చాలదు.