జలుబు లెక్క మూడు రోజుల ముందు నుంచి

రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ. ఇవాళ సాయంత్రం గొంతులో గరగర, రాత్రికల్లా ముక్కు దిబ్బడ. వెంటనే ఏమనుకుంటారు? నిన్న తిన్న ఐస్‌క్రీమో, తడిసిన వానో కారణమనుకుంటారు. జలుబు వైరస్ ఐస్‌క్రీమ్‌లోంచి పుట్టదు, మనిషి నుంచే వస్తుంది. వేళ్ల మీద రెండు నుంచి ఐదు రోజులు వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజుల్లో తలుపులు మూసిన ఏ గదిలో గంటల తరబడి కూర్చున్నారు? మాక్ గ్రూప్ డిస్కషన్‌లో చీదుకుంటూనే వాదించిన ఫ్రెండ్ గుర్తొచ్చాడా?

ఆ వైరస్ కరోనా కావచ్చు. కంగారు పడకండి. మనుషులకు సోకే కరోనా వైరస్‌లు ఏడు. సార్స్, మెర్స్, కొవిడ్ తెచ్చినవి మూడు. మిగతా నాలుగు, అంటే 229ఈ, ఓసీ43, ఎన్‌ఎల్63, హెచ్‌కేయూ1 మామూలు జలుబు తెచ్చేవి. పెద్దల జలుబుల్లో సుమారు 10 నుంచి 30 శాతం వీటివల్లే అంటారు. జనరల్ సైన్స్ చదివేవాళ్లు ఈ నాలుగు పేర్లూ ఒకసారి రాసి పెట్టుకోండి.

వీటిలో 229ఈ 1960లలో షికాగో విశ్వవిద్యాలయంలో దొరికింది. నమూనాలు ఇచ్చింది ఎవరో కాదు, జలుబు చేసిన మెడికల్ విద్యార్థులే! ఈ తరహా వైరస్‌లను అదే దశాబ్దంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసిన జూన్ అల్మెయిడా గ్లాస్గోలో ఓ బస్సు డ్రైవర్ కూతురు. 16 ఏళ్లకే చదువు ఆపేసి ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరారామె. చుట్టూ ముళ్లు కిరీటంలా కనబడటంతో 1968లో వీటికి కరోనా అనే పేరు స్థిరపడింది. డిగ్రీ లేదని దిగులుపడే వాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

సరే, మన గదికి వద్దాం. జలుబు ఉన్నవాళ్లు దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా తుంపరలు బయటకొస్తాయి. పెద్దవి దగ్గర్లోనే పడిపోతాయి, బాగా చిన్నవి గాలిలో తేలుతుంటాయి. స్టడీ హాళ్లలో, కోచింగ్ సెంటర్లలో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. నలభై మంది వదిలిన ఊపిరినే ఆ నలభై మందీ మళ్లీ పీలుస్తారన్నమాట. మరో దారి చేతులు. డోర్ హ్యాండిల్, పక్కవాడి పెన్ను పట్టుకున్న చేత్తోనే ముక్కు, కళ్లు నలుపుకొంటాం. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని చెదరగొడుతుంది కాబట్టే చేతులు కడుక్కోమనేది.

లోపలికి వెళ్లిన వైరస్ తన ముళ్లతో ముక్కు, గొంతు లోపలి పొరలోని కణాలను పట్టుకుంటుంది. ఎన్‌ఎల్63 అయితే కొవిడ్ వైరస్ వాడే ఏస్2 అనే తలుపు గుండానే దూరుతుంది. కణంలో చేరి తన నకళ్లు తీసుకుంటుంది. ముక్కు కారడం, గొంతు వాపు, నీరసం చాలావరకు మన రోగనిరోధక వ్యవస్థ ఎదురుదాడి ఫలితమే. ఎక్కువమందికి కథ అక్కడితో ముగుస్తుంది. పసిపిల్లల్లో, వృద్ధుల్లో, ఉబ్బసం ఉన్నవాళ్లలో మాత్రం ఊపిరితిత్తుల దాకా దిగొచ్చు. పరీక్ష రాసి ఊరెళ్లి నాయనమ్మ పక్కన కూర్చునేముందు ఇది గుర్తుంచుకోండి.

‘ఒకసారి వచ్చింది కదా, ఇక రాదు’ అనుకోవద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పది మందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2020లో వెలువడింది. అదే వైరస్ 12 నెలలకే మళ్లీ సోకడం తరచూ కనిపించింది.

ఇక మందుల షాపు. ‘అన్నా, రేపు ఎగ్జామ్, స్ట్రాంగ్‌ది ఇవ్వు’ అంటే ఎర్ర గీత ఉన్న యాంటీబయాటిక్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. అది బ్యాక్టీరియాకు మందు, వైరస్‌ను ఏమీ చేయదు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన అది అవసరమనీ కాదు. సిట్రిజిన్ లాంటి మాత్రలు కొందరికి నిద్ర తెస్తాయి. ఎప్పుడూ వాడని మాత్రను పరీక్ష రోజు పొద్దున మొదటిసారి మింగితే ప్రశ్నపత్రం మీదే తూగాల్సి వస్తుంది! మందేసుకుంటే వారం, లేకుంటే ఏడు రోజులని పెద్దలు నవ్వుతూ అనేది అందుకే. ఉప్పునీటి పుక్కిలింత, వేడి రసం, నిద్ర, ఒళ్లు కాలితే పారాసిటమాల్ చాలు. ఆయాసం, ఛాతీ నొప్పి, మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే.

కాబట్టి జాగ్రత్త పరీక్ష ముందు రాత్రి కాదు, ఐదు రోజుల ముందే మొదలవ్వాలి. ఆ ఐదు రోజులూ కిటికీ పక్క సీటు పట్టండి. ఏసీ ఆపి కిటికీలు తెరవమని అడగండి, మొహమాటం వద్దు. కిక్కిరిసిన హాల్లో, బస్సులో మాస్క్ పెట్టుకోండి. రూమ్మేట్‌కు జలుబైతే తువ్వాలు, గ్లాసు వేరుగా ఉంచండి.

అయినా వచ్చేసిందా? మొదటి రెండు మూడు రోజులు మీరే ఎక్కువగా అంటించే మనిషి. ఆన్‌లైన్‌లో హాజరవ్వొచ్చా అని హెచ్‌ఆర్‌కు ముందురోజే మెయిల్ పెట్టండి. కుదరదంటే మాస్క్‌తో వెళ్లండి. ‘జలుబుగా ఉందండీ’ అని చెప్పి, షేక్‌హ్యాండ్‌కు బదులు నమస్కారం పెట్టండి. మన దగ్గర దాన్నెవరూ తప్పుపట్టరు.