పాత రంపం నేర్పే పాఠం

‘ఇంజిన్ స్టార్ట్ కావట్లేదు. ఏం చేస్తావ్?’ ఇంటర్వ్యూలో ఇలా అడిగితే ‘పార్ట్ మార్చేస్తా సార్’ అనేస్తారా? కాస్త ఆగండి. పాత చైన్‌సాలు.. అదేనండీ, చెట్లు కోసే మోటారు రంపాలు.. సేకరించేవాళ్లను చూసి నేర్చుకోండి.

1949 నాటి మెక్‌కలక్ 3-25, 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా లాంటి వాటికి కొత్త విడిభాగాలు దొరకడం కష్టం. అందుకే ముందు తప్పెక్కడుందో వరసగా తేల్చుకుంటారు. ప్లగ్‌లో స్పార్క్ వస్తోందా? కార్బ్యురేటర్‌కి పెట్రోలు అందుతోందా? సిలిండర్‌లో కంప్రెషన్ ఉందా? ఏళ్లుగా వాడని రంపంలో కార్బ్యురేటర్ డయాఫ్రమ్ గట్టిపడిపోవచ్చు. అలాంటప్పుడు ఇంజిన్ మొత్తం విప్పక్కర్లేదు. పార్టే కావాలంటే పాత కేటలాగ్‌లో నంబరు వెతుకుతారు. దొరక్కపోతే అదే మోడల్ పాడైన రంపం కొని, పనికొచ్చేవి విప్పుకుంటారు.

మీకు చైన్‌సా అక్కర్లేదు. పొలంలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లలో చాలావాటికి టూ-స్ట్రోక్ ఇంజినే ఉంటుంది. మూలన పడ్డది ఒకటి తీసుకుని, శుభ్రంగా కడిగి, తెలిసిన మెకానిక్ దగ్గర కూర్చుని విప్పండి. ఏం చూశారో, ఏం తేలిందో నోట్‌బుక్‌లో రాయండి. ఈసారి ఆ ప్రశ్న అడిగితే, చెప్పడానికి మీ సొంత అనుభవమే ఉంటుంది.